బుడమేరు వరదలో పోయిన పుస్తకాల చోట కొత్తవి ఏం కొనాలి? పాపకి, అత్తయ్యకి, నాకు

సింగ్‌నగర్ అమ్మాయి
2024 డిసెంబరు 18

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, అజిత్‌సింగ్‌నగర్. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం. సెప్టెంబరు 1 ఆదివారం పొద్దున బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. పాదాలు తడుస్తున్నాయి అనుకునేలోపే మోకాళ్లు దాటాయి. అత్తయ్యని, పాపని, సర్టిఫికెట్ల ఫైలుని, గ్యాస్ స్టవ్‌ని పై వాటా వాళ్లింట్లోకి చేర్చేసరికి కిందికి దిగే దారి లేదు. పుస్తకాల బీరువా అలాగే ఉండిపోయింది.

అందులో మా మామయ్య గారు దాచిన చందమామలు ఉండేవి. 1968 నుంచి 1984 దాకా, ఏడాదికో వాల్యూమ్ చొప్పున తెనాలిలో బైండు చేయించి పెట్టుకున్నారు. దాన్ని నడిపిన చక్రపాణి గారూ తెనాలి ఆయనే, ఎడిటింగ్ చూసిన కొడవటిగంటి కుటుంబరావు గారూ తెనాలి ఆయనే. అందుకని అత్తయ్యకి అది "మా ఊరి పత్రిక". మద్రాసులో అచ్చయ్యేదని ఎవరైనా అంటే ఒప్పుకునేవారు కాదు. నీళ్లు తీసి, ఇల్లు కడుక్కుని, బీరువా తలుపు తెరవడానికి రెండు వారాలు పట్టింది. చెక్క ఉబ్బిపోయి తలుపు రాలేదు, గునపంతో లాగాం. అట్టల మీది కాలికో గుడ్డ చేతికి ఊడి వచ్చింది. లోపల కాగితాలన్నీ ఒకే ముద్ద. ఒక్క వాల్యూమ్ పై భాగంలో మాత్రం బొమ్మ ఉన్న కాగితం ఒకటి చిరగకుండా వచ్చింది. అత్తయ్య దాన్ని ఫ్యాను కింద ఆరబెట్టి, ఇప్పుడు భాగవతంలో పెట్టుకున్నారు.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో తిరిగి మళ్లీ చందమామలు పోగు చేద్దామని నేనన్నాను. అత్తయ్య వద్దన్నారు. "అవన్నీ నేను చదివేశాను, మీ ఆయనకీ చదివి వినిపించాను. పాపకి దాని కాలంలో రాసిన కథలు కొనివ్వు. నాకూ కొత్తవే కొను" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పాపకి పదేళ్లు, ఐదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. ఇంగ్లీషు కథల పుస్తకం ఒక్క ఆదివారంలో అవగొట్టేస్తుంది. తెలుగు మాత్రం వేలు పెట్టుకుని చదువుతుంది, ఒత్తు కనపడగానే ఆగిపోతుంది. కుక్కలంటే ప్రాణం. దెయ్యం కథలు కావాలంటుంది, రాత్రి మళ్లీ నా పక్కన పడుకుంటుంది. అత్తయ్యకి 71. ఒక కంటికి ఆపరేషన్ అయింది, సన్న అక్షరాలు కష్టం. నేను ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో అకౌంట్స్ చూస్తాను. బస్సులో వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు చదువుకుంటాను. పెళ్లికి ముందు వారపత్రికల్లో సీరియల్స్ ఒక్కటి కూడా వదిలేదాన్ని కాదు. పదేళ్లుగా కొత్తగా ఎవరు ఏం రాస్తున్నారో తెలియదు.

కిందటి వారం ఒక షాపుకి వెళ్లి పిల్లలకి కొత్త కథలు చూపించమన్నాను. పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడు, అక్బర్ బీర్బల్, పరమానందయ్య శిష్యులు తెచ్చి ముందు పెట్టారు. ఇవి కొత్తవా అంటే "ఈ నెలే వచ్చాయి మేడమ్" అన్నారు. అట్ట కొత్తది, కథ మా అమ్మమ్మ చెప్పిందే. నాకు అవి చెడ్డవని కాదు, పాపకి అవన్నీ నోటితోనే చెప్పాను. కొత్తగా రాసినవి కావాలి.

బుక్ ఫెస్టివల్ జనవరి 2 నుంచి అంటున్నారు. మూడు వేలు పక్కన పెట్టుకున్నాను. ఏం చూసి కొనాలో చెప్పగలరా?


గుంటూరు కొత్తపేట తమ్ముడు
2024 డిసెంబరు 18

అక్కా, చదువుతుంటే బాధేసింది. కొనే ముందు డబ్బులు పెట్టకుండా పాప రుచి తెలుసుకోవడానికి ఒక దారి చెప్తాను. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు బొమ్మల కథలు చాలా ఉన్నాయి. నాలుగు స్థాయిలుగా పెట్టారు. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే, నాలుగో స్థాయికి వచ్చేసరికి నిండు కథ. అన్నీ ఉచితం, డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ కూడా తీసుకోవచ్చు, లైసెన్సే అలా ఇచ్చారు. మా అన్న కూతురికి రెండో స్థాయి నుంచి మొదలుపెట్టాం. అనువాదాలు ఎక్కువ, కొన్ని చోట్ల వాక్యం కొంచెం బిగుసుకుని ఉంటుంది, అది మీరే చదివి చూసుకోండి.

బస్సులో మీకైతే ఈమాట చూడండి. 1998 నుంచి నడుస్తున్న వెబ్ పత్రిక, కథలన్నీ ఉచితంగా చదువుకోవచ్చు. ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకోవచ్చు కాబట్టి మీ అత్తయ్య గారికీ పనికొస్తుంది.

పేర్లు కావాలంటే కేంద్ర సాహిత్య అకాడెమీ లిస్టు ఒక మొదలు. 2010 నుంచి పిల్లల సాహిత్యానికి విడిగా పురస్కారం ఇస్తున్నారు. ఈ ఏడాది తెలుగులో పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి ‘మాయాలోకం’ నవలకి వచ్చింది. కిందటేడు డి.కె. చదువులబాబు గారి ‘వజ్రాల వాన’ కథలకి. పెద్దవాళ్లకి రాసే కుర్ర రచయితలైతే యువ పురస్కారం, 35 ఏళ్ల లోపు వాళ్లకి. 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ ‘ధావ్లో’ కథలకి ఇచ్చారు. లంబాడీల జీవితం నుంచి వచ్చిన కథలు. మా హాస్టల్లో ఒకే కాపీ ఏడుగురం చదివాం.


ప్రూఫులు చూసినవాణ్ణి, అరండల్‌పేట
2024 డిసెంబరు 19

అమ్మా, నేను గుంటూరులో ఒక ప్రెస్సులో 31 ఏళ్లు ప్రూఫులు చూసి రిటైరయ్యాను. సీసం అక్షరాల రోజుల నుంచి కంప్యూటర్లో పేజ్‌మేకర్, అను ఫాంట్ల దాకా చూశాను. తడిసిన పుస్తకాల సంగతి ముందు చెప్తాను. మళ్లీ ఇలాంటిది ఎవరికీ రాకూడదు గానీ, న్యూస్‌ప్రింట్ కాగితమైతే తడి మీద ఉండగానే మధ్య మధ్య తెల్లకాగితం పెట్టి నీడలో ఆరబెడితే కొంత దక్కుతుంది. అట్టలకి వాడే నున్నటి ఆర్ట్ పేపర్ తడిసి ఆరిందంటే ఇక విడదీయలేం, దాని పైపూతే జిగురైపోతుంది. మీకు ఆ బొమ్మ కాగితం దక్కిందంటే అది లోపలి పేజీ అయి ఉంటుంది.

ఇక కొనడం. పుస్తకం చేతిలోకి తీసుకోగానే అట్ట చూడకండి. లోపలి పేరు పేజీ వెనక్కి తిప్పండి. అక్కడ "ప్రథమ ముద్రణ" అని నెల, సంవత్సరం ఉంటుంది. కింద "ప్రతులు" అని అంకె ఉంటుంది. 500 అనో 1000 అనో. పునర్ముద్రణ అయితే అదీ అక్కడే రాస్తారు. మీకు షాపులో జరిగిన మోసం, మోసం అనకూడదు, వాళ్లకి అమ్ముడయ్యే సరుకు అదే, ఆ మాట మాత్రం ఈ పేజీ చూస్తే అర సెకనులో తేలిపోతుంది. పంచతంత్రం పుస్తకాల్లో చాలాసార్లు రచయిత పేరే ఉండదు, "సంకలనం" అని ఉంటుంది. కొత్త కథకి రాసినవాడి పేరు, చాలామటుకు ఫోన్ నంబరు కూడా ఆ పేజీలోనే వేస్తారు. ప్రతులు తక్కువ కాబట్టి రచయితే అమ్ముకోవాలి పాపం. ఇంట్లో కట్టలు పెట్టుకుని పోస్టులో పంపుతుంటారు. స్టాల్లో దొరకనిది ఆ నంబరుకి ఫోన్ చేస్తే దొరుకుతుంది.

పాప పుస్తకానికి నేను చూసే పద్ధతి ఒకటుంది. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి, మాటలున్న చోట పైకి చదవండి. షాపులో సిగ్గుపడకండి. ఆ మాట మీ ఇంట్లో ఎవరైనా అంటారా? "నేను మిక్కిలి ఆనందించితిని" అని పదేళ్ల పిల్లాడు అంటున్నాడంటే ఆ పుస్తకం కింద పెట్టేయండి. "అమ్మా, కుక్కపిల్ల ఎటో వెళ్లిపోయింది" అని ఉంటే తీసుకోండి. ఎందుకంటే మీ పాపకి తెలుగు రాకపోవడం కాదు, చెవికి అంతా వచ్చు. కంటికే అలవాటు లేదు. విన్న మాట అచ్చులో కనపడితే సగం చూసి మిగతా సగం తనే పూరించుకుంటుంది. ఎప్పుడూ వినని మాటైతే ప్రతి అక్షరం కూడబలుక్కోవాలి, అలిసిపోతుంది. చదవడం రాదని మనం అనుకుంటాం.

అక్షరం సైజు. పెద్దల పుస్తకాలు మేం 12, 13 పాయింట్లలో సెట్ చేసేవాళ్లం. పిల్లలకైతే 16కి తగ్గనిచ్చేవాణ్ణి కాదు. పేజీల ఖర్చు పెరుగుతుందని ఓనర్లు గొణిగేవాళ్లు. ఫారం అంటే 16 పేజీలు, అక్షరం పెంచితే ఫారం పెరుగుతుంది, రేటు పెరుగుతుంది. అందుకే నాలుగు ఫారాల పుస్తకంలో ఆరు ఫారాల కథ కుక్కేస్తారు. వరుసకీ వరుసకీ మధ్య కింది ఒత్తులు పట్టేంత జాగా ఉందో లేదో చూడండి. తెలుగులో అది ముఖ్యం. పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంటే పెద్దవాళ్లకే చికాకు, ఇక పిల్లల మాట చెప్పేదేముంది.

మీ అత్తయ్య గారికి నవల కన్నా కథల సంపుటి మంచిదేమో చూడండి. ఒక కంటితో చదివేవారికి ఎనిమిది పది పేజీల్లో ముగిసేది హాయి. కథాసాహితి వాళ్లు 1990 నుంచి ఏటా ఆ ఏడు వచ్చిన మంచి కథలు ఏరి పుస్తకం వేస్తున్నారు. ఒకే పుస్తకంలో శ్రీకాకుళం యాస, అనంతపురం యాస, తెలంగాణ మాట అన్నీ వింటారు. ఎవరు నచ్చితే వాళ్ల సొంత సంపుటి తర్వాత వెతుక్కోవచ్చు. మీకూ అదే చెప్తాను. పదేళ్లు దూరమయ్యారు కాబట్టి ముందు ఒక సంకలనం చదివి, ఆ తర్వాత నవలలకి వెళ్లండి.

కొనేముందు పుస్తకం మధ్యకి తెరిచి వీపు చూడండి. కుట్టు బైండింగ్ అయితే పదిమంది పిల్లలు చదివినా ఉంటుంది. ఉట్టి గమ్ అయితే రెండో వేసవికి పేజీలు చేతికొస్తాయి, ముఖ్యంగా మన ఎండలకి.


పటమట తెలుగు టీచర్
2024 డిసెంబరు 20

ప్రూఫుల మాస్టారు చెప్పినవన్నీ నిజం. ఒక్క చోట నేను ఒప్పుకోను. తెలియని మాటలున్న పుస్తకం పక్కన పెట్టేయక్కర్లేదు. పేజీకి రెండు మూడు కొత్త మాటలు ఉండాలి, లేకపోతే కథ చదివి పిల్లకి కొత్తగా ఏం వచ్చినట్టు? పది ఉంటే మాత్రం కష్టమే.

సింగ్‌నగర్ అమ్మాయి గారూ, మీ పాప ఆగిపోయేది ఏ ఒత్తు దగ్గరో ఒకసారి గమనించండి. అన్నీ ఒకటి కావు. ‘అక్క’, ‘పిల్ల’ లాంటి ద్విత్వాలు పిల్లలకి తొందరగా వస్తాయి, ఎందుకంటే నోట్లో ఆ బరువు తెలుస్తుంది. ‘పుస్తకం’, ‘నిద్ర’ లాంటి సంయుక్తాక్షరాల్లో కింద ఉన్న త ఒత్తు, ర ఒత్తు వాటి తలకట్టు అక్షరంలా కనిపించవు, రూపమే మారిపోతుంది. అక్కడ ఆగుతారు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి సంశ్లేషాలు చివర్న వస్తాయి. క్ష, జ్ఞ వేరే సంగతి, వాటిని కొత్త అక్షరాల్లాగే నేర్పాలి. నా క్లాసులో మూడు వారాలు ఉట్టి త, ర, య, వ ఒత్తులున్న మాటలతోనే ఆటలు ఆడిస్తాను. ఆ తర్వాత పుస్తకం ఇస్తే పరిగెడతారు.

ఇంకొకటి. ఒక పేజీ మీరు, ఒక పేజీ పాప. పాప పేజీలో తప్పు చదివితే వెంటనే దిద్దకండి. వాక్యం అయ్యాక ఆ మాట మీరు మామూలుగా పలకండి, అంతే. చదివాక "నీతి ఏంటి?" అని అడగొద్దు. దయచేసి అడగొద్దు. నేను 18 ఏళ్లుగా పాఠం చెప్తున్నాను, ఆ ఒక్క ప్రశ్నతో ఎంతమంది పిల్లలు కథలు వదిలేశారో నాకు తెలుసు. పెద్దవాళ్లం ఒక నవల మూయగానే మనల్నెవరూ నీతి అడగరు కదా.

బహుమతుల లిస్టు మంచిదే గానీ అది పెద్దలు ఎంచింది. ఫెస్టివల్లో అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ కలిసి పోటీలు పెట్టి వేసిన బొమ్మల కథల పుస్తకాలు చూడండి. బొమ్మలు కొత్తవి, కథలు తెలుగులోనే పుట్టినవి, రేటూ అందుబాటులో ఉంటుంది. పాపని వెంట తీసుకెళ్లి తనని ఎంచుకోనివ్వండి. మీకు నచ్చనిది ఎంచుకున్నా కొనండి.

డబ్బు విషయానికొస్తే, లైబ్రరీ మరిచిపోకండి. మనం ఇంటి పన్ను కట్టినప్పుడల్లా రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు మనది. ఠాగూర్ లైబ్రరీలో మెంబర్‌షిప్ తీసుకోండి. పటమట వైపు వస్తే సర్వోత్తమ భవనం ఉంది. పిల్లల కొత్త పుస్తకం అక్కడ లేకపోతే అడగండి, రిజిస్టర్లో రాయండి. అడిగేవాళ్లు లేకే తెప్పించడం మానేస్తున్నారు.


సింగ్‌నగర్ అమ్మాయి
2024 డిసెంబరు 20

అందరికీ చాలా థాంక్స్. మాస్టారూ, మీరు చెప్పిన పేజీ మా ఇంట్లో మిగిలిన ఒక పుస్తకంలో చూశాను. 29 ఏళ్లుగా నా దగ్గరున్న పుస్తకం, ఆ పేజీ ఒక్కసారీ చదవలేదు. నిజంగానే "ప్రతులు: 1000" అని ఉంది. ఆ వెయ్యిలో ఒకటి నా దగ్గర ఉందన్నమాట.

టీచర్ గారూ, నిన్న రాత్రి గమనించాను. మీరన్నట్టే ర ఒత్తు దగ్గర. ‘చక్రం’ అని చదవడానికి క కింద అరసున్నాలా ఏదో ఉందంది.


ప్రూఫులు చూసినవాణ్ణి, అరండల్‌పేట
2024 డిసెంబరు 21

టీచరమ్మ చెప్పింది సబబే. పేజీకి రెండు మూడు కొత్త మాటలు ఉండొచ్చు, నా మాట సవరించుకుంటున్నాను.

మీ అత్తయ్య గారి అక్షరం సైజుకి ఒక చిట్కా. ఇంట్లో ఆవిడ సుఖంగా చదవగలిగిన పుస్తకం ఒక పేజీ జిరాక్స్ తీసి పర్సులో పెట్టుకెళ్లండి. స్టాల్లో పక్కన పెట్టి పోల్చుకోండి. గుర్తుమీద కొంటే ఇంటికొచ్చాక సన్నగా కనపడుతుంది.


సింగ్‌నగర్ అమ్మాయి
2025 జనవరి 16

సంక్రాంతి హడావిడి అయ్యాక రాద్దామని ఆగాను.

ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియానికి రెండుసార్లు వెళ్లాం. 4వ తేదీ శనివారం ఉట్టిగా చూడటానికి, మర్నాడు కొనడానికి. స్వరాజ్ మైదానంలో జరిగే రోజుల్లో మామయ్య గారు అలాగే చేసేవారట. మొదటి రోజు చేతిలో సంచి కూడా తీసుకెళ్లేవారు కాదని అత్తయ్య చెప్పారు. ఇప్పుడు ఆ మైదానంలో అంబేడ్కర్ గారి విగ్రహం ఉంది కదా, ఆటోలో దాని పక్కనుంచి వెళ్తూ "ఇదిగో ఇక్కడే మీ తాతయ్య నాకు మిరపకాయ బజ్జీ కొనిచ్చి రెండు గంటలు కూర్చోబెట్టేశారు" అని పాపకి చూపించారు.

శనివారం నాడు నేను చేసిన పని, స్టాల్‌కి వెళ్లడం, "పోయినేడూ ఈ ఏడూ మొదటిసారి అచ్చయిన పిల్లల కథలు ఏమున్నాయి?" అని అడగడం. ఇలా అడిగితే జవాబు మారిపోయింది. పంచతంత్రం ఎవరూ చూపించలేదు. ఒక స్టాల్లో కుర్రాడైతే కింద కట్టలు విప్పి మరీ తీశాడు, పైన పెట్టే జాగా లేదట. పేరు పేజీ వెనక్కి తిప్పడం పాపకి ఆట అయిపోయింది. "అమ్మా, ఇది ఐదొందలే! ఇది మూడోసారి వేశారు!" అని అరుస్తుంటే పక్కనున్న పెద్దాయన ఒకరు తన చేతిలో పుస్తకం కూడా తిప్పి చూసుకున్నారు.

పాప ఐదు ఎంచుకుంది. మూడు బొమ్మల కథలు, ఒకటి దెయ్యాల కథలు, ఒకటి పిల్లల నవల. దెయ్యాల పుస్తకం నాకు అస్సలు నచ్చలేదు, టీచర్ గారి మాట గుర్తొచ్చి కొన్నాను. అత్తయ్యకి కథల సంకలనం ఒకటి, కొత్త రచయిత్రి కథల సంపుటి ఒకటి. జిరాక్స్ కాగితం పెట్టి చూస్తే నేను ముందు అనుకున్న రెండు పుస్తకాలు పక్కకి పోయాయి. నాకు ఒక నవల. తగ్గింపు పోను 2,340 అయింది. మిగిలినదాంతో అత్తయ్యకి భూతద్దం కొన్నాను, లైటు ఉన్నది.

ఇప్పుడు అసలు సంగతి. పిల్లల నవల ఒక పల్లెటూరి కుర్రాడి కథ, వాడి కుక్క రైలెక్కి వెళ్లిపోతుంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక పేజీ నేను, ఒక పేజీ పాప. మూడో రోజు నేను గిన్నెలు కడుగుతుంటే నా పేజీ అత్తయ్య చదివారు. ఆవిడ చదివే తీరు వేరు. కుర్రాడి మాట వస్తే కుర్రాడిలా, వాళ్ల నాన్న మాట వస్తే గొంతు లావు చేసి చదువుతారు. ఆ రోజు నుంచి నా వంతు నాకు రాలేదు.

నాలుగో రోజనుకుంటా. పాప పేజీలో ఒక ముసలాయన కుర్రాడితో మాట్లాడుతున్నాడు. పాప "ని..." అని ఆగింది. "ని... నిక... నిష..." అంటూ వేలు అక్కడే పెట్టి కూర్చుంది. నేను వంటింట్లోంచి చెప్పబోయి నోరు నొక్కుకున్నాను. అత్తయ్య కూడా ఏమీ అనలేదు. పాప వదిలేసి తర్వాతి మాట చదివింది, "...గా ఉన్నాన్రా". మళ్లీ వెనక్కి వచ్చింది. ఒక్క క్షణం ఆగి గట్టిగా "నిక్షేపంగా!" అంది. "నిక్షేపంగా ఉన్నాన్రా! నానమ్మా, ఇది నువ్వు ఫోన్లో అనే మాట! పుస్తకంలో ఉంది!"

తెనాలి నుంచి తమ్ముడు గారు ఫోన్ చేసిన ప్రతిసారీ మా అత్తయ్య అదే అంటారు. వరద తర్వాత ఇల్లంతా బురదగా ఉన్న రోజున కూడా అదే అన్నారు. పాప ఆ మాట పుట్టినప్పటి నుంచి వింటోంది. కంటితో చూడటం అదే మొదలు. మాస్టారూ, మీరు చెవి, కన్ను అని రాసింది నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. మర్నాడు పాప తన నోట్‌బుక్‌లో "నానమ్మ మాటలు" అని ఒక పేజీ పెట్టింది. నిక్షేపంగా, అదాటున, మారాం, తెల్లారగట్ల... రాయడం వచ్చేదాకా అత్తయ్యని అడిగి అడిగి రాస్తోంది. క్ష ఇప్పుడు భయం లేదు. ‘రాష్ట్రం’ ఇంకా రాలేదు.

అత్తయ్య మొదట్లో కథల సంకలనంలో ఉత్తరాంధ్ర కథ దగ్గర కొంచెం ఇబ్బంది పడ్డారు. రెండుసార్లు పైకి చదువుకుంటే అర్థమైందన్నారు. "వీళ్లూ మనలాంటి కష్టాలే పడుతున్నారే" అని పుస్తకం గుండెల మీద పెట్టుకుని పడుకున్నారు. నా నవల బస్సులో 140వ పేజీలో ఉంది, బెంజ్ సర్కిల్ దాటి దిగాల్సిన స్టాపు కూడా ఒకరోజు దాటిపోయాను.

పిల్లల నవల పండక్కి ముందే అయిపోయింది. చివర్లో కుక్క దొరికిందో లేదో రచయిత తేల్చి చెప్పలేదు. పాపకి కోపం వచ్చింది. ఆ కోపంతోనే పేరు పేజీ వెనక్కి తిప్పింది, అక్కడ ఫోన్ నంబరు ఉంది. చేద్దాం చేద్దాం అని గొడవ. నాకు టెన్షన్, ఏమనుకుంటారోనని. కనుమ రోజు సాయంత్రం చేశాం. ఆయన మాట్లాడిన సంగతులు రాస్తున్నాను కాబట్టి పుస్తకం పేరు, ఆయన పేరు ఇక్కడ పెట్టడం లేదు, ఆయన్ని అడగలేదు మరి.

పాప నమస్తే కూడా చెప్పకుండా "అంకుల్, కుక్క దొరికిందా లేదా?" అంది. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన, "అమ్మా, నువ్వు ఏ ఊరు? పుస్తకం మొత్తం నువ్వే చదివావా?" అన్నారు. విజయవాడ అని, సగం తను, సగం నానమ్మ అని చెప్పింది. పుస్తకం వచ్చి ఏడాదిన్నర అయిందట. ఈ ప్రశ్న అడగడానికి ఒక పిల్ల ఫోన్ చేయడం ఇదే మొదటిసారి అన్నారు. ఆయన గొంతులో మార్పు నాకు స్పీకర్లో తెలిసింది. రెండో భాగం సగం రాసి ఆపేశానని, ఇక పూర్తి చేస్తానని చెప్పారు. కుక్క ఎక్కడుందనుకుంటున్నావని పాపని అడిగారు. తెనాలి స్టేషన్‌లో ఉందని పాప చెప్పింది, అక్కడైతే నానమ్మ తమ్ముడు తాతయ్య వాళ్లు అన్నం పెడతారట. ఆయన రాసుకుంటున్నానమ్మా అన్నారు.

ఇంతలో అత్తయ్య ఫోన్ తీసుకున్నారు. "బాబూ, కథ బాగా రాశావు. ఆ రెండోది వేయించేటప్పుడు అక్షరాలు ఇంకాస్త పెద్దవి పెట్టించు నాయనా, నేనూ చదవాలి" అన్నారు.